ఆమిష్ చెక్క క్రిబ్, తొట్టె కొనడం ఎలా: మా నాన్న కండువా పరీక్ష

మా నాన్న వడ్రంగి. అమలాపురం దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లపాటు తలుపులు, మంచాలు, పెళ్లిపీటలు చేశారు. 2022 జూలై చివర్లో మా ఆవిడ పురుడు కోసం అమ్మా నాన్నా కొలంబస్‌లో మా ఇంటికి వచ్చారు. ఒహాయో రాష్ట్రంలో పదిహేనేళ్లుగా ఉంటున్నాను కానీ చెక్క గురించి నాకు తెలిసింది సున్నా. నాన్నని ఒక పెద్ద షాపుకి తీసుకెళ్లి, మేం కొందామనుకున్న క్రిబ్, అంటే పిల్లల మంచం, చూపించాను. ఆయన పై పట్టె మీద బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కారు. గాటు పడింది. "మెత్త చెక్కరా. పళ్లొచ్చే పిల్ల ఇక్కడే కొరుకుతుంది. పీచు లేచి నోట్లోకి పోతుంది" అన్నారు.

ఆ శనివారమే ఆయన్ని, చెక్కపని చేసే ఆమిష్ అనే క్రైస్తవులు ఉండే హోమ్స్ కౌంటీకి తీసుకెళ్లాను. క్రిబ్ గురించి, తొట్టె గురించి నాకు తెలిసిందంతా అక్కడ ఆయన చెక్కని తడిమి చూస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నదే. ఇప్పుడు మా స్నేహితుల్లో ఎవరింట్లో పురుడన్నా నాకే ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా పేర్లు. ఇక్కడ క్రిబ్ అంటే నాలుగు వైపులా బద్దలున్న, కదలని పిల్లల మంచం. రెండు మూడేళ్లు వాడొచ్చు. మన తొట్టెలాగా ఊగేది వేరు. దానిని పిల్ల చేతుల మీద, మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టేదాకానే వాడాలి, అంటే సుమారు ఐదు నెలలు. రెండూ కొనక్కర్లేదు. ఒక్కటే కొనే పనైతే క్రిబ్ కొనండి. మేం రెండూ ఎందుకు కొనాల్సి వచ్చిందో కింద చెబుతాను, అది నా తప్పే.

ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి

ఆమిష్ వాళ్లు 1693లో స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల్లో జాకబ్ అమ్మన్ అనే మతపెద్ద వెంట విడిపోయిన క్రైస్తవులు. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాకి వచ్చారు. ఇంట్లో పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాస మాట్లాడతారు. తమవాళ్లు కానివాళ్లందరినీ 'ఇంగ్లిష్' అంటారు, ఆ లెక్కన మా నాన్న కూడా ఇంగ్లిష్‌వాడే. ఒహాయోలో మాకు దగ్గరైంది హోమ్స్ కౌంటీ. కొలంబస్ నుంచి 62వ నంబరు రోడ్డు పట్టుకుంటే మిల్లర్స్‌బర్గ్ మీదుగా బెర్లిన్ అనే చిన్న ఊరికి దాదాపు రెండు గంటలు. న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు ఉన్నవాళ్లకు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ దగ్గర. షికాగో వాళ్లకు ఇండియానాలోని షిప్‌షెవానా.

ఆదివారం వెళ్లకండి, అన్నీ మూసేస్తారు. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ తర్వాత వచ్చే అసెన్షన్ రోజు, జనవరి 6న వచ్చే పాత క్రిస్మస్ నాడు కూడా చాలాచోట్ల సెలవే. మిల్లర్స్‌బర్గ్ దాటాక రోడ్డు మిట్టపల్లాలుగా ఉంటుంది. మిట్ట ఎక్కి దిగేసరికి ఎదురుగా గుర్రపు బగ్గీ ఉండొచ్చు. వెనక నారింజరంగు త్రికోణం కనిపించగానే స్పీడ్ తగ్గించండి. మనుషులకు ఎదురుగా కెమెరా పెట్టి ఫొటోలు తీయకండి, అది వాళ్ల నమ్మకానికి విరుద్ధం. క్రిబ్ ఫొటో కావాలంటే అడిగి తీసుకోండి.

ఊరి మధ్య ఉండే పెద్ద షోరూముల్లో కరెంటు, కార్డు మెషీను అన్నీ ఉంటాయి. వాటిలో చాలావరకు పది ఇరవై వర్క్‌షాపుల సరుకు ఒకేచోట అమ్ముతాయి. వీలైతే అక్కడ చూసుకుని, ఆ క్రిబ్ చేసిన వర్క్‌షాపు ఎక్కడో అడిగి అక్కడికీ వెళ్లండి. 'ఆమిష్' అని బోర్డు ఉన్నంత మాత్రాన లోపలున్న ప్రతి వస్తువూ వాళ్లు చేసింది కాకపోవచ్చు. "ఇది ఏ ఊళ్లో, ఎవరి షెడ్డులో చేశారు?" అన్న ప్రశ్నకు వెంటనే జవాబు వస్తే మంచి గుర్తు. వర్క్‌షాపుకి వెళ్తుంటే చెక్కుబుక్కు పట్టుకెళ్లండి, కార్డు తీసుకోనివాళ్లు ఉంటారు. ఫోన్ ఇంట్లో ఉండదు, బయట చిన్న గదిలో ఉంటుంది. మెసేజ్ పెడితే సాయంత్రమో మర్నాడో తిరిగి చేస్తారు.

చేత్తో చేసింది అంటే మెషీను తగలనిదని అనుకోకండి. మేం వెళ్లిన షెడ్డులో రంపాలన్నీ మెషీన్లే. బయట డీజిల్ ఇంజిను, దాని నుంచి నేల కింద పొడవాటి ఇరుసు, దాని మీద బెల్టులు. పైకప్పులో అద్దాలు పెట్టి వెలుతురు తెచ్చుకున్నారు. గరుకు తీసే మెషీన్లు గాలి ఒత్తిడితో బుస్సుమంటూ నడుస్తున్నాయి. పవర్ లైన్ మాత్రం లేదు. చేతి పని ఎక్కడుందంటే చెక్క ఎంచుకోవడంలో, పక్కపక్క పలకల చారలు కలిసేలా పేర్చడంలో, అతుకులు కూర్చడంలో, చివరి నునుపులో. నాన్నకు అది చూడగానే అర్థమైంది. ఆ షెడ్డు యజమాని మా నాన్న కంటే పదేళ్లు చిన్న అయ్యుంటారు. ఆమిష్ పిల్లలు ఎనిమిదో తరగతితో బడి ఆపేస్తారు. దానికి 1972లో ఇక్కడి సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. మా నాన్న కూడా ఎనిమిదితోనే ఆపి ఉలి పట్టారు. నాన్నకు తెలుగు, షెడ్డు ఆయనకు పెన్సిల్వేనియా డచ్, మధ్యలో నేను. పావుగంటలో నా అవసరం లేకపోయింది. ఒకరు పలక తిప్పి చూపిస్తే ఇంకొకరు తల ఊపుతున్నారు.

ఏ చెక్క

అక్కడ దొరికేవి రెడ్ ఓక్, వైట్ ఓక్, మేపుల్, బ్రౌన్ మేపుల్, చెర్రీ, హికరీ, వాల్‌నట్. గట్టిదనానికి 'జాంకా' అని ఒక కొలత ఉంది. చిన్న ఉక్కు గుండును సగం లోతు దాకా చెక్కలో దింపడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ అంకె చెబుతుంది. హికరీ 1,820. హార్డ్ మేపుల్ 1,450. రెడ్ ఓక్ 1,290. వాల్‌నట్ 1,010. చెర్రీ 950. తెల్ల పైన్ 380 మాత్రమే, షాపులో గోరు దిగింది అందుకే. మన టేకు చెర్రీకి కాస్త పైన ఉంటుంది.

అలాగని గట్టిదే మంచిదని కాదు. ఓక్‌కి రంధ్రాలు పెద్దవి, చారలు పైకి తేలి చేతికి తగులుతాయి. వేలితో రాస్తే తెలుస్తుంది. మేపుల్, చెర్రీ నున్నగా ఉంటాయి. పిల్ల నోరు పెట్టే పట్టెకు నున్నటి చెక్క మేలని నాన్న మాట. ముదురు రంగు కావాలంటే, లేదా తెల్ల పెయింట్ కావాలంటే బ్రౌన్ మేపుల్ తీసుకోండి. దాని మీద రంగు సమంగా పడుతుంది, ధర కూడా తక్కువ. మేం చెర్రీ తీసుకున్నాం. కొత్తలో లేత గులాబీ రంగులో ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబడుతుంది. మొదటి ఆరు నెలలు ఒక పక్కే ఎండపడితే ఆ పక్కే ముదురుతుంది. అందుకని అప్పుడప్పుడు మంచాన్ని తిప్పి పెట్టాలి. మాకు ఇది ముందు తెలియక ఒక తలవైపు పలక మీద మెత్తటి బొమ్మ ఆనించి ఉంచాం. తీసేసరికి అక్కడ బొమ్మ ఆకారంలో తెల్లటి మచ్చ. తర్వాత కలిసిపోయింది, కానీ ఏడాది పట్టింది.

ముడులున్న చెక్క చూడ్డానికి బాగుంటుంది. క్రిబ్‌కి మాత్రం బద్దల్లో ముడి ఉండకూడదు, ముడి దగ్గరే విరుగుతుంది. తల పలకలో ఉంటే ఫర్వాలేదు.

నాన్న పరీక్షలు

ఇది కాస్త వివరంగా చెబుతాను, ఇదే అసలు సంగతి.

షోరూములో అందరూ క్రిబ్ ముందు నిలబడి చూస్తారు. నాన్న మాత్రం ఆ షెడ్డులో ఉన్న క్రిబ్ దగ్గర కింద కూర్చున్నారు. నా ఫోన్ లైటు వేయించి, పరుపు పెట్టే చట్రం అడుగుభాగం చూశారు. "పైన ఎవడైనా నునుపు చేస్తాడు. కంటికి ఆననిచోట ఎలా చేశాడో చూడు" అన్నారు. అడుగున కూడా వార్నిష్ పడిందా, గరుకు తీశారా, జిగురు కారి గడ్డకట్టి ఉందా అని చూడాలి. అడుగున వార్నిష్ లేకపోతే చెక్క ఒక పక్క తేమ పీల్చి, ఇంకో పక్క పీల్చక వంకర పోతుంది. ఒహాయో చలికాలంలో హీటర్ల వల్ల ఇంట్లో గాలి ఎండిపోతుంది, వేసవిలో ఉక్క. ఏటా చెక్క అంత సాగి కుంచించుకుంటుంది.

తర్వాత భుజం మీది కండువా తీశారు. ముతక నూలు కండువా, ఊరి నుంచి తెచ్చుకున్నది. దాన్ని ఒక్కో బద్ద చుట్టూ వేసి, రెండు చివరలు పట్టుకుని, పైనుంచి కిందకి మెల్లగా లాగారు. ఒక్కో బద్దకి నాలుగు వైపులా. తర్వాత పై పట్టె, మూలలు, కోళ్లు. ఎక్కడైనా పేడు లేచి ఉంటే నూలుపోగు పట్టుకుంటుంది. చేతి చర్మానికి తెలియనిది కూడా నూలుకు తెలుస్తుంది. పదమూడో బద్ద లోపలి అంచున పోగు తట్టుకుంది. నాన్న అక్కడే వేలు ఉంచి ఆ షెడ్డు ఆయన వైపు చూశారు. ఆయన వంగి చూసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి సన్న గరుకు కాగితం తెచ్చి, నాన్న చేతికే ఇచ్చారు. నాన్న నాలుగు సార్లు రుద్ది మళ్లీ కండువా లాగారు. ఈసారి జారిపోయింది. ఆయన మళ్లీ లోపలికి వెళ్లి వార్నిష్ తెచ్చి ఆ చోట పూశారు. మీరూ ఒక పాత నూలు గుడ్డ తీసుకెళ్లండి. ఎవరూ ఏమీ అనుకోరు. మంచి పనివాడైతే సంతోషిస్తాడు.

అతుకులు చూడండి. కోడుకి బెజ్జం తొలిచి, పట్టె కొసను నాలుకలా చెక్కి అందులోకి దిగగొట్టిన అతుకు అయితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పట్టె రెండు చివరలా పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పి చూడండి. కిర్రుమనకూడదు, కదలకూడదు. విప్పి బిగించాల్సిన బోల్టులు నేరుగా చెక్కలోకి కాకుండా లోహపు గొట్టం బిగించిన బెజ్జంలోకి దిగాలి. ఇల్లు మారినప్పుడల్లా క్రిబ్ విప్పుతాం కదా, చెక్కలోకే దిగే మర మూడోసారికి పట్టు వదిలేస్తుంది.

ఇక కొలతలు. వీటికి టేపు తీసుకెళ్లండి. అమెరికా చట్టం ప్రకారం బద్దల మధ్య ఖాళీ 2 అంగుళాల 3/8 మించకూడదు, అంటే 60 మిల్లీమీటర్లు. టేపు లేకపోతే మామూలు కూల్‌డ్రింక్ డబ్బా చాలు. డబ్బా బద్దల మధ్య దూరిందంటే ఆ క్రిబ్ వద్దు. పిల్ల ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది. పూర్తి సైజు క్రిబ్ లోపలి కొలత సుమారు 28 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల 3/8 పొడవు. పరుపు పెట్టాక పక్కన రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు ఉండకూడదు. మూలల కోళ్లు పట్టె కంటే పైకి పొడుచుకొచ్చి గుబ్బలుగా ఉంటే అందంగా ఉంటుంది కానీ పిల్ల చొక్కా తగులుకుంటుంది. సమంగా ఉన్నదే తీసుకోండి.

క్రిబ్ మీద తయారుచేసినవాళ్ల పేరు, ఊరు, తయారైన తేదీ ఉన్న లేబుల్ వెతకండి. అమ్మేవాళ్లను పిల్లల వస్తువుల సర్టిఫికెట్ అడగండి. చిన్న ఆమిష్ షెడ్డయినా బయటి ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే, చట్టంలో మినహాయింపు లేదు. రిజిస్ట్రేషన్ కార్డు ఇస్తారు, దాన్ని నింపి పంపండి. ఎప్పుడైనా లోపం బయటపడితే వాళ్లు మిమ్మల్ని వెతుక్కుని చెప్పడానికి అదే ఆధారం.

ఎవరైనా ఇచ్చిన పాత క్రిబ్

మాకూ ఒకరు ప్రేమగా ఇచ్చారు. ఇద్దరు పిల్లలు పెరిగిన క్రిబ్ అది. ఒక పక్క పట్టె కిందకి జారే రకం. ఆ రకం వల్ల పసిపిల్లలు ఇరుక్కుని చనిపోయారు. అందుకే 2011 జూన్ 28 నుంచి దాని తయారీని, అమ్మకాన్ని ఇక్కడ నిషేధించారు. ఆ తేదీకి ముందు తయారైన క్రిబ్ ఎంత గట్టిగా కనిపించినా తీసుకోకండి. మేం దాన్ని విప్పి, ఇంకెవరూ వాడకుండా బద్దలు విరిచి పారేశాం. ఇచ్చినవాళ్లకి సర్దిచెప్పడం కష్టమైంది, కానీ చెప్పాం.

బెర్లిన్‌లో ఒక పాత సామాన్ల కొట్లో పెన్సిల్వేనియాకి వలస వచ్చిన జర్మన్ల కాలం నాటి తొట్టె చూసి నాన్న కదల్లేదు. పక్కలు ఏటవాలుగా, తల పలకలో హృదయాకారంలో చేతి పట్టు, పక్కల వెంట చిన్న గుబ్బలు. పిల్ల పడిపోకుండా ఆ గుబ్బలకి తాడు అల్లి దుప్పటి కట్టేవారట. మూలలు ఒకదాంట్లో ఒకటి పళ్లలా దిగిన అతుకు, ఒక్క మేకు లేదు. కానీ దాని మీద నీలం పెయింట్ ఉంది. 1978కి ముందు పెయింట్‌లో సీసం ఉండొచ్చు. నాన్న ఆ అతుకు మీద చాలాసేపు చెయ్యి ఉంచి లేచారు. అలాంటిది ఇష్టమైతే పుస్తకాలు పెట్టుకోవడానికి కొనండి, పిల్లని పడుకోబెట్టడానికి వద్దు.

ఆర్డర్, ధర

ఇక్కడే నా తప్పు. ఎనిమిదో నెలలో ఆర్డర్ ఇచ్చాను. ఆమిష్ వర్క్‌షాపుల్లో స్టాకు ఉండదు, మీరు చెక్క, రంగు చెప్పాక మొదలుపెడతారు. మాకు 13 వారాలు పట్టింది. పాప సెప్టెంబర్ ఆఖర్లో పుట్టింది, క్రిబ్ నవంబర్ మొదటివారంలో వచ్చింది. ఆ విషయం ఆర్డర్ ఇచ్చేటప్పుడే తేలడంతో, మధ్యలో ఎలాగా అని టెన్షన్ పడి, షోరూములో సిద్ధంగా ఉన్న మేపుల్ తొట్టె ఒకటి ఆ రోజే కొని కారులో వేసుకొచ్చాం. మీరు ఐదో నెలలోనే ఆర్డర్ ఇవ్వండి.

క్రిబ్‌కి మేం 1,480 డాలర్లు, తొట్టెకి 390 ఇచ్చాం. చెక్కని బట్టి, చెక్కడాన్ని బట్టి మారుతుంది. పెద్దయ్యాక మంచంగా మార్చుకునే రకం తీసుకుంటే, దానికి కావాల్సిన పొడవు పట్టెలు కూడా అప్పుడే చేయించుకోండి. మూడేళ్ల తర్వాత చేయిస్తే రంగు కలవదు. రంగు నమూనా పలక మీద ఉన్న కోడ్ నంబరు రసీదు మీద రాయించుకోండి.

తొట్టె కొనేవాళ్లకు రెండే మాటలు. వంపు కాళ్ల మీద ఊగేదైనా, రెండు స్తంభాల మధ్య వేలాడేదైనా, ఊపడం ఆపగానే అడుగు సమతలంగా నిలవాలి, ఒక పక్కకి ఒరగకూడదు. కదలకుండా ఆపే చీల ఉండాలి. రాత్రి అందరూ నిద్రపోయేటప్పుడు ఆ చీల పెట్టేయండి.

ఇంటికి వచ్చాక

అమ్మ ఊరి నుంచి ఆవాల దిండు తెచ్చింది. తల గుండ్రంగా వస్తుందని మా అందరికీ పెట్టిందే. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం సలహా ఏమిటంటే పాపని వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. దిండు, దుప్పటి, బొమ్మ ఏవీ ఉండకూడదు. క్రిబ్ చుట్టూ కట్టే మెత్తటి బంపర్లను 2022 నవంబర్ నుంచి చట్టమే నిషేధించింది. అమ్మకి కష్టంగానే అనిపించింది. పాప మెలకువగా ఉన్నప్పుడు, అమ్మ ఒళ్లో ఉన్నప్పుడు ఆ దిండు వాడుకునేలా మాట్లాడుకున్నాం. ఇరవై ఒకటో రోజు తొట్టెలో వేసే వేడుకకి పూలదండలు, రిబ్బన్లు కట్టాం. ఫొటోలు కాగానే అన్నీ విప్పేశాం. పిల్ల మెడకి చుట్టుకునేది ఏదీ తొట్టె మీద వేలాడకూడదు. కిటికీ తెరల తాళ్లు కూడా అందనంత దూరంలో పెట్టండి.

సాంబ్రాణి ధూపం తొట్టె పక్కన పెట్టొద్దు. వార్నిష్ మీద నిప్పురవ్వ పడితే పొక్కుతుంది, పైగా పొగ అలారం మోగి పాప ఉలిక్కిపడుతుంది. నూనె పట్టించిన చేతుల మరకలు తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. నేలలోంచి వేడి గాలి వచ్చే జాలీ మీద క్రిబ్ పెట్టకండి. మొదటి చలికాలంలోనే అతుకులు నోరు తెరుస్తాయి.

పరుపు చట్రానికి రెండు మూడు ఎత్తులుంటాయి. పాప కూర్చోవడం మొదలుపెట్టగానే ఒక మెట్టు దించండి, పట్టుకుని నిలబడితే అన్నిటికంటే కిందకి. పాప ఎత్తు 35 అంగుళాలు దాటినా, కాలు పట్టె మీద వేసినా క్రిబ్ ఆపేయాలి. బోల్టులు బిగించిన నెలకి ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి బిగించి చూడండి. ఆ పనికి వచ్చిన ఆరు పలకల రెంచిని (అలెన్ కీ) నాన్న ఊరికి వెళ్లేముందు చట్రం అడుగున చిన్న గుడ్డ సంచిలో పెట్టి కట్టారు. పక్కనే పెన్సిల్‌తో పాప పేరు, 'చెర్రీ, 2022' అని రాశారు. ఇప్పటికీ బిగించేటప్పుడు కింద పడుకుని లైటు వేస్తే కనిపిస్తుంది.